వాడని బ్రేకు, విశ్రాంతి లేని మోటారు

1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. అప్పటినుంచి ఇప్పటిదాకా డిపోల్లో, రోడ్డుపక్క గ్యారేజీల్లో బండ్ల కింద పడుకుని పనిచేసి గతించినవారి స్మృతికి కొల్లాపూర్‌లో ఈ ఉపన్యాసం. వాళ్ళ విద్యలో సగం అరుగుదలను చదవడమే. డ్రమ్ము విప్పి లైనరు ఎంత మిగిలిందో, ఏ పక్క ఎక్కువ తిన్నదో చూస్తే ఆ బండి ఏ దారిలో తిరుగుతోందో, డ్రైవరు పాదం ఎంత బరువో వాళ్ళకు తెలిసిపోయేది. ఇప్పుడు మన రోడ్ల మీదికి కరెంటు బండ్లు వస్తున్నాయి. వీటిలో బ్రేకు ప్యాడ్లు లక్ష కిలోమీటర్లు తిరిగినా కొత్తవాటిలాగే కనిపించవచ్చు. అయితే అరుగుదలను చదివే విద్యకు ఇక పని లేదా? ఉంది, మునుపటికన్నా ఎక్కువే ఉందని నా వాదన. రీజనరేటివ్ బ్రేకింగ్ మొత్తం మీద అరుగుదలను తగ్గిస్తుంది, అది నిజం. కానీ మిగిలిన అరుగుదలను కంటికి కనిపించే చవక భాగం నుంచి కంటికి కనిపించని ఖరీదైన భాగాలకు మారుస్తుంది. మన సర్వీసు అలవాట్లు, ఫిట్‌నెస్ పరీక్షలు, కాంట్రాక్టులు ఇంకా పాత చోటునే చూస్తున్నాయి. చూపు మారకపోతే ఈ బండ్లు పాతబడే రోజున నష్టపోయేది మొదట కొన్నవారు కాదు, తర్వాత కొన్నవారు.

ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో చూద్దాం. దీనికి మనం దూరం వెళ్ళనక్కర లేదు. మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, నల్లమల కొండ కింద, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. నీరు పైనుంచి పడుతుంటే అవి జనరేటర్లు. గ్రిడ్డులో కరెంటు మిగిలినప్పుడు వాటినే వెనక్కి తిప్పి మోటార్లుగా వాడి, కిందికి వెళ్ళిన నీటిని మళ్ళీ జలాశయంలోకి తోడవచ్చు. యంత్రం ఒకటే, శక్తి పారే దిక్కే వేరు. కరెంటు బండి మోటారు చేసేదీ ఇదే. యాక్సిలరేటరు తొక్కితే బ్యాటరీ నుంచి శక్తి తీసుకుని చక్రాన్ని తిప్పుతుంది. పాదం తీస్తే చక్రమే మోటారును తిప్పుతుంది, మోటారు జనరేటరై ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది, బండి నెమ్మదిస్తుంది. రీజనరేటివ్ బ్రేకింగ్, అంటే మోటారు బ్రేకు, ఇదే. 16 టన్నుల బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని కదలికలో ఉన్న శక్తి సుమారు 0.6 యూనిట్లు. డీజిల్ బస్సు ఆగిన ప్రతిసారీ ఇందులో చాలా భాగం డ్రమ్ముల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. స్టాపు స్టాపుకు ఆగే బస్సులో రోజు మొత్తానికి ఇది చిన్న లెక్క కాదు.

ఘాట్ రోడ్డు మీద ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. తెలుగువారికి తెలిసిన ఉదాహరణ తిరుమల. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసింది ఎక్కడానికి వాడుతున్నారు. 2022 నుంచి ఆ కొండ మీద ఒలెక్ట్రా కంపెనీ కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. కింది పట్నానికీ కొండకూ మధ్య ఎత్తు తేడాను 700 మీటర్లుగా తీసుకుంటే, 12 టన్నుల బస్సు ఒకసారి దిగేటప్పుడు వదులుకోవలసిన శక్తి దాదాపు 23 యూనిట్లు. డీజిల్ బస్సులో ఈ భారం కొంత ఇంజను మీద, మిగతాదంతా లైనర్ల మీద పడుతుంది. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలి, లైనరు వాసన వచ్చి, బ్రేకు పట్టు తప్పుతుంది. అందుకే ఘాట్ మీద కింది గేరులో దిగమని ప్రతి డిపోలోనూ నేర్పుతారు. కరెంటు బస్సులో ఆ భారంలో పెద్ద భాగాన్ని మోటారే మోస్తుంది, పైగా కొంత శక్తి తిరిగి చేతికొస్తుంది. సోమశిల దగ్గర కృష్ణ మీద సిద్ధేశ్వరం వైపు తీగల వంతెనకు 2022లో అనుమతి వచ్చింది. అది పూర్తయితే కొల్లాపూర్ బండ్లకు కూడా నల్లమల ఎత్తుపల్లాలు నిత్యకృత్యం అవుతాయి. కాబట్టి ఇది తిరుపతి వారి సంగతి అనుకుని వదిలేయడానికి లేదు.

ఇంత లాభం ఉంటే బాధ ఎక్కడ? మొదటి బాధ బ్రేకులోనే ఉంది, అదీ అరగడం వల్ల కాదు, అరగకపోవడం వల్ల. డిస్కు బ్రేకు ఉన్న కరెంటు కారు చక్రం ఒకటి విప్పి చూడండి. ప్యాడు మందం బాగుంటుంది. కానీ పోత ఇనుముతో చేసిన డిస్కు అంచున ఎర్రటి తుప్పు వలయం కడుతుంది. ప్యాడు తాకే మధ్య భాగంలో కూడా మచ్చలు, సన్నని గాట్లు కనిపించవచ్చు. క్యాలిపర్ జారడానికి రెండు పిన్నులు ఉంటాయి, వాటి మీద రబ్బరు బూటు, లోపల గ్రీజు. రోజూ గట్టిగా తొక్కే బండిలో ఆ పిన్నులు రోజూ కదులుతాయి. కదలని పిన్ను దగ్గర గ్రీజు ఎండుతుంది, బూటు చిన్నగా చిట్లితే వాననీరు, దుమ్ము లోపలికి పోయి పిన్ను పట్టేస్తుంది. అప్పుడు ఒక ప్యాడే డిస్కును పట్టుకుంటుంది, రెండోది ఊరికే ఉంటుంది. ప్యాడు ముఖం నునుపెక్కి గ్లేజు కడుతుంది, పట్టు తగ్గుతుంది. గాలి బ్రేకుల బస్సుల్లో ఇదే కథ స్లాక్ అడ్జస్టర్ల దగ్గర, లైనరు ముఖం మీద నడుస్తుంది. బ్రేకు ఆయిలు కథ వేరు. అది గాలిలోని తేమను పీలుస్తుంది, దానికి కిలోమీటర్లతో పని లేదు, కాలంతోనే పని. తాళం వాడకపోతే తుప్పు పట్టినట్టే బ్రేకూ వాడకపోతే చెడుతుంది. అందుకే ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.3, ఐడీ.4 కార్లకు వెనక చక్రాలకు డిస్కులు మాని మళ్ళీ డ్రమ్ములు పెట్టింది. డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి వాడకపోయినా లోపలి భాగానికి తుప్పు భయం తక్కువ. ఒక పాత పద్ధతి కొత్త కారణంతో తిరిగి వచ్చింది.

తుప్పు పట్టిన బ్రేకుతో రోజులు గడిచిపోతుంటే తొందరేముంది అని ఎవరైనా అడగవచ్చు. మామూలు రోజున తొందర లేదు. మోటారు చేతులెత్తేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి, అసలు ప్రమాదం వాటిలోనే ఉంది. రాత్రంతా చార్జింగు పెట్టి తెల్లవారి బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కొత్త శక్తిని పెట్టడానికి చోటుండదు, మోటారు బ్రేకు సన్నగిల్లుతుంది. కొండ మీద చార్జింగు నింపుకుని వెంటనే దిగబోయే బండికి ఇది ముఖ్యమైన సంగతి. బ్యాటరీ బాగా వేడెక్కినా దాన్ని కాపాడే వ్యవస్థ చార్జింగును తగ్గిస్తుంది. బండి పూర్తిగా ఆగబోయే చివరి క్షణాల్లో మోటారు బ్రేకుకు బలం ఉండదు. హఠాత్తుగా గేదె అడ్డొచ్చి ఉన్న బలమంతా పెట్టి తొక్కినప్పుడు, చక్రం జారి ఏబీఎస్ పనిచేసినప్పుడు భారం మళ్ళీ పాత బ్రేకు మీదే పడుతుంది. అంటే మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని బ్రేకును అన్నిటికన్నా గట్టి పరీక్షలకే పిలుస్తున్నాం. ప్యాడు మందం కొలిచి బాగుందని రాసే సర్వీసు పద్ధతి ఈ పరీక్షకు సమాధానం చెప్పదు. మందం వేరు, పట్టు వేరు.

ఈ పాఠాన్ని రైల్వేలు ఎప్పుడో నేర్చుకున్నాయి. బొంబాయి నుంచి పడమటి కనుమలు ఎక్కే లైన్లలో 1920ల చివరి నుంచి నడిచిన, మొసలి అని ముద్దుపేరు పడ్డ కరెంటు ఇంజన్లకే కొండ దిగుతూ కరెంటు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉండేది. 1990ల తర్వాత వచ్చిన త్రీఫేజు ఇంజన్లు, వాటి సంతతి, ఇప్పుడు దేశమంతా ఆ పని చేస్తున్నాయి. ఢిల్లీ మెట్రో 2007లో ఇలా తిరిగి వచ్చే కరెంటు మీద ఐక్యరాజ్యసమితి కర్బన పరపతి (కార్బన్ క్రెడిట్) పథకంలో నమోదయింది. ఇంత అనుభవం ఉండి కూడా రైల్వేలు గాలి బ్రేకును రెండో వరసకు నెట్టలేదు. ఇంజనులో మోటారు బ్రేకు ఎంత బాగున్నా, రైలు మొత్తానికి బ్రేకు బలం ఉందని ధ్రువీకరించే పత్రం చేతిలో లేకుండా రైలు బయల్దేరదు. బయల్దేరాక మొదట్లోనే లోకో పైలట్ ఒకసారి బ్రేకు వేసి దాని పట్టు చూసుకుంటాడు. మోటారు బ్రేకు పొదుపు కోసం, రాపిడి బ్రేకు ప్రాణం కోసం అని వాళ్ళు రెండిటినీ వేరుగా చూశారు, వేరుగా పరీక్షించారు. రోడ్డు మీది కరెంటు బండికి ఈ అలవాటు ఇంకా రాలేదు. పట్టాల మీద నూరేళ్ళ అనుభవం నిలబెట్టిన పద్ధతిని టైర్ల మీద మళ్ళీ ప్రమాదాల ద్వారానే నేర్చుకోవలసిన అవసరం లేదు.

ఇక బ్యాటరీ సంగతి. కరెంటు బండి గురించి మాట్లాడితే మొదట వచ్చే ఆక్షేపణ ఇదే: బ్రేకు తొక్కిన ప్రతిసారీ బ్యాటరీలోకి కరెంటు తోసేస్తుంటే దాని ఆయుష్షు తగ్గదా? సందేహం న్యాయమైనదే, ఎందుకంటే గట్టి కరెంటుతో చార్జింగు, ముఖ్యంగా చలిలో, లిథియం బ్యాటరీకి హాని చేస్తుంది. కానీ సాక్ష్యం ఇటువైపు మొగ్గడం లేదు. 2015లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ కైల్, ఆండ్రియాస్ యోసెన్ ఇదే ప్రశ్నను ప్రయోగశాలలో సెల్లుల మీద పరీక్షించారు. రీజనరేటివ్ బ్రేకింగ్ ఎక్కువగా ఉన్నప్పుడు సాధారణంగా బ్యాటరీ ముసలితనం తగ్గిందని వాళ్ళు తేల్చారు. కారణం సూటిగా ఉంది. తిరిగి వచ్చే శక్తి వల్ల అదే దూరానికి బ్యాటరీ అంత లోతుగా ఖాళీ కాదు, లోతుగా ఖాళీ చేయడమే అరుగుదలకు పెద్ద కారణాల్లో ఒకటి. 2024 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నేచర్ ఎనర్జీ పత్రికలో ప్రకటించిన పని కూడా ఇటే చూపుతుంది. 92 సెల్లులను రెండేళ్ళకు పైగా పరీక్షించి, ప్రయోగశాలలో ఒకే వేగంతో ఖాళీ చేసే పద్ధతికన్నా, రోడ్డు మీద జరిగినట్టు హెచ్చుతగ్గులతో వాడితే ఆయుష్షు 38 శాతం దాకా పెరగవచ్చని వాళ్ళు చూపించారు. కాబట్టి బ్యాటరీని కాపాడుకోవాలని మోటారు బ్రేకును తగ్గించుకోవడం తప్పు లెక్క. మన ఎండల్లో బ్యాటరీకి అసలు శత్రువు వేడి. మే నెలలో మామిడి బుట్టలు నిండా ఎక్కించుకుని తిరిగే ఆటోకు బ్రేకు వల్ల వచ్చే చార్జింగుకన్నా, మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి బ్యాటరీని నూటికి నూరు నింపి గంటల తరబడి అలాగే ఉంచడం ఎక్కువ చేటు.

బ్యాటరీని నిర్దోషిగా వదిలేశాక మిగిలేది మోటారుకూ చక్రానికీ మధ్య ఉన్న ఇనుము. డీజిల్ బస్సు కొండ దిగేటప్పుడు ఇంజను కొంత పట్టుకున్నా దాని భారం తక్కువ. కరెంటు బస్సులో ఎక్కేటప్పుడు మోటారే, దిగేటప్పుడూ మోటారే. దానికి విశ్రాంతి లేదు. గేరు పన్ను ముందుకు తోసేటప్పుడు ఒక ముఖం మీద బలం మోస్తుంది, బ్రేకు వేసేటప్పుడు రెండో ముఖం మీద మోస్తుంది. డీజిల్ బండిలో ఆ రెండో ముఖం చాలావరకు తీరిక జీవితం గడుపుతుంది. ఒకే పెడలుతో నడిపే కరెంటు బండిలో పాదం తీసిన ప్రతిసారీ బలం ముందు నుంచి వెనక్కి తిరుగుతుంది. గేరు పళ్ళ మధ్య ఖాళీ, యాక్సిలు స్ప్లైన్లు, మోటారు మౌంటింగు రబ్బర్లు ఈ ముందు వెనకల దెబ్బను తీసుకుంటాయి. ఇందులో ఏదీ వెయ్యి కిలోమీటర్లలో తెలియదు, లక్షల్లో తెలుస్తుంది. మోటారు బేరింగుల సంగతి ఇంకొంచెం సూక్ష్మం. ఇన్వర్టరు అతి వేగంగా కరెంటును ఆన్ ఆఫ్ చేయడం వల్ల షాఫ్టు మీద వోల్టేజి పుడుతుంది. అది బేరింగు గోళీల గుండా నేలను వెతుక్కుంటూ, సన్నని గ్రీజు పొరను చీల్చుకుని చిన్న చిన్న నిప్పురవ్వలుగా పోతుంది. కొన్నాళ్ళకు బేరింగు దారిలో వరసగా సన్నని అడ్డగీతలు పడతాయి, వేగం పెరిగినప్పుడు గుయ్యిమనే శబ్దం మొదలవుతుంది. పింగాణీ గోళీల బేరింగులు, షాఫ్టును బాడీకి కలిపే బ్రష్షులు దీనికి మందులు. ఈ జబ్బును రీజనరేటివ్ బ్రేకింగ్ పుట్టించలేదు. అయితే మోటారు బలం మోసే వేళలను అది పెంచుతుంది, కాబట్టి బేరింగు మీద మన చూపు కూడా పెరగాలి.

టైర్లను కూడా ఈ లెక్కలో చేర్చాలి. మోటారు ఏ యాక్సిలుకు కలిసి ఉందో ఆ చక్రాలే తోస్తాయి, మోటారు బ్రేకు వేసినప్పుడు అవే ఆపుతాయి. మామూలు బండిలో ఆపే పని నాలుగు చక్రాలూ పంచుకుంటాయి. కాబట్టి కరెంటు బండిలో మోటారు వైపు టైర్లు రెండు వైపులా పని చేసి త్వరగా అరుగుతాయి, బ్యాటరీ బరువు దానికి తోడవుతుంది. యూరప్ దేశాలు 2024లో ఆమోదించిన యూరో 7 నియమాలు ఈ విషయంలో మనకు ఆలోచన ఇస్తాయి. బ్రేకుల నుంచి రాలే ధూళికి మొదటిసారి హద్దు పెట్టి, మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి కరెంటు కార్లకు 3 మిల్లీగ్రాములు అని రాశారు. అంటే కరెంటు బండి బ్రేకు తక్కువ అరుగుతుందని చట్టమే ఒప్పుకుంది. అదే నియమాలు టైరు అరుగుదలకు కూడా హద్దులు పెట్టే దారి తెరిచాయి. అరుగుదల చోటు మారిందని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే సాక్ష్యం అక్కర్లేదు.

మరో ఆక్షేపణ: ఇవన్నీ కంపెనీ చూసుకోవలసినవి, వారంటీ ఉంది కదా. మన దేశంలో చాలా కరెంటు కార్లకు బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఇంటి కారుకు ఇది చాలా ఉదారమైన గడువు. రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే ట్యాక్సీకి మూడేళ్ళు కూడా రాదు. గేరు, బేరింగు, బ్రేకులకు వారంటీ సాధారణంగా ఇంకా తక్కువ. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు బండ్లకు రోడ్డు పన్ను పూర్తిగా మాఫీ చేశారు. ఈ ప్రోత్సాహంతో నగరంలో కొన్న బండ్లు నాలుగైదేళ్ళకు చేతులు మారతాయి. పాత బండి దారి ఎప్పుడూ నగరం నుంచి చిన్న ఊళ్ళకే. వనపర్తి, గద్వాల, అచ్చంపేట, కొల్లాపూర్‌లలో దాన్ని కొనేవారు రెండో యజమానులు, మూడో యజమానులు. వారంటీ ముగిసిన బండి, ఎక్కువ తిరిగిన బండి, కంపెనీ సర్వీసు కేంద్రం దూరమైన ఊరు, ఈ మూడూ కలిసేది ఇక్కడే. అందుకే ఇది హైదరాబాద్ చర్చ కన్నా ముందు కొల్లాపూర్ చర్చ.

బస్సుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2019లో మియాపూర్, కంటోన్మెంట్ డిపోల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి నడిపిన 40 బస్సులతో మన ఆర్టీసీ కరెంటు బస్సుల్లోకి అడుగుపెట్టింది. 2023 మే నెలలో విజయవాడ దారిలో ఈ-గరుడ బస్సులు వచ్చాయి. ఈ బస్సులు ఎక్కువగా కిలోమీటరుకు ఇంత అని ప్రైవేటు నిర్వాహకులకు చెల్లించే పద్ధతిలో నడుస్తాయి, మరమ్మతు భారం నిర్వాహకులదే. సంస్థకు పెట్టుబడి భారం తగ్గడం మంచిదే. కానీ రోజుకు 250 కిలోమీటర్లు తిరిగే బస్సు ఏడాదికి 90 వేలు దాటుతుంది, పదేళ్ళలో తొమ్మిది లక్షలు. ఆ తొమ్మిది లక్షల కిలోమీటర్ల అరుగుదల చరిత్ర నిర్వాహకుల కంప్యూటర్లలోనే ఉండిపోతే, డిపో మెకానిక్కుకు చదవడానికి ఏమీ మిగలదు. కాంట్రాక్టు ముగిసిన నాడు బస్సు చేతికి వచ్చినా, దాని జాతకం చేతికి రాదు.

ఇన్ని చిక్కులుంటే మోటారు బ్రేకును తగ్గించుకుని నడిపితే పోదా? దీనికి నా జవాబు స్పష్టంగా కాదనే. చక్రం నుంచి బ్యాటరీకి పోయే దారిలో 85 శాతం, తిరిగి వచ్చే దారిలో 85 శాతం దక్కుతుందని అనుకుంటే, బ్రేకులో పట్టిన శక్తిలో చక్రానికి మళ్ళీ చేరేది 72 శాతం. మిగతా 28 పోయినా, రాపిడి బ్రేకులో పోయే నూటికి నూరుతో పోలిస్తే ఇది గొప్ప లాభం. ఈ లెక్కే ఇంకో సంగతి కూడా చెబుతుంది. అసలు బ్రేకు వేయవలసిన అవసరం రాకుండా ముందుచూపుతో నడిపితే ఆ 28 కూడా పోదు, గేరు పళ్ళ మీద దెబ్బా తగ్గుతుంది. కాబట్టి మోటారు బ్రేకును వాడాలి, పాత బ్రేకును మరచిపోకూడదు, ఒక్కసారిగా వేగం పెంచి ఒక్కసారిగా తగ్గించే నడకను మానాలి. వారానికి ఒకటి రెండుసార్లు, వెనక ఎవరూ లేని చోట, రాపిడి బ్రేకు పనిచేసేటట్టు గట్టిగా తొక్కి డిస్కును శుభ్రం చేయడం డ్రైవరు చేతిలో ఉన్న పని. కొన్ని కార్లు ఈ పనిని వాటంతట అవే చేస్తున్నాయి.

మిగతావి వ్యవస్థ చేయవలసినవి. సర్వీసు పుస్తకంలో కిలోమీటర్ల వరస పక్కన కాలం వరస కూడా ఉండాలి. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చక్రాలు విప్పి, పిన్నులు కదిలించి, గ్రీజు పెట్టి, డిస్కు ముఖం చూడాలి. బ్రేకు ఆయిలు తిరిగిన దూరంతో సంబంధం లేకుండా గడువుకు మార్చాలి. గేరు ఆయిలు జీవితాంతం మార్చనక్కర లేదన్న మాటను ఎక్కువ తిరిగే బండ్లకు వర్తింపజేయకూడదు. వాణిజ్య బండ్లకు ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ ఉంది. అందులో మోటారు బ్రేకు కలవకుండా ఒక్క రాపిడి బ్రేకు పట్టునే కొలిచి రాయాలి, బ్యాటరీ ఆరోగ్యం శాతాన్ని కూడా రాయాలి. రెండో యజమానికి అదే రక్షణ. ఆర్టీసీ కాంట్రాక్టుల్లో అరుగుదల వివరాలు సంస్థకు నెలనెలా అప్పగించాలన్న షరతు ఉండాలి. రాష్ట్రంలో 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. ఆ పాఠ్యక్రమంలో బ్యాటరీతో పాటు బేరింగు శబ్దం వినడం, గేరు పన్ను రెండు ముఖాలూ పరీక్షించడం చేరాలి. అవన్నీ డిపో మెకానిక్కులకు చేతిలో ఉన్న విద్యలే, కొత్త చోట వాడవలసినవి.

అరుగుదల లేని యంత్రం లేదు. కరెంటు బండి పాత బండికన్నా తక్కువ అరిగే యంత్రమనడానికి సాక్ష్యం బలంగా ఉంది, దాన్ని కాదనే పని నాది కాదు. కానీ దాని మేలు మనకు పూర్తిగా దక్కాలంటే, అది ఎక్కడ అరుగుతోందో చూసే మనిషి ప్రతి ఊళ్ళో ఉండాలి. ఈ స్మారకం ఎవరి పేరు మీద జరుగుతోందో వాళ్ళకు మనం చెల్లించగల గౌరవం, వాళ్ళ విద్యను తర్వాతి తరానికి ఈ కొత్త బండ్ల దగ్గర కూడా అందించడమే. కొల్లాపూర్ డిపోలోనూ, ఈ ఊరి గ్యారేజీల్లోనూ ఆ పని ఈ వానాకాలానికి ముందే మొదలుపెట్టమని సభను కోరుతున్నాను.